మొబైల్ హోమ్‌లో హ్యాండిల్ తిప్పి తెరిచే కిటికీని బాగుచేసుకోవడం ఎలా

హ్యాండిల్ తిరుగుతూనే ఉంటుంది, కిటికీ మాత్రం కదలదు. లేదంటే ఒక మూల చక్కగా మూసుకుంటుంది, రెండో మూల వేలెడు సందు ఉండిపోతుంది. అమెరికాలో పాత మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో కట్టి, తెచ్చి నిలబెట్టే ఇల్లు) కొన్నవాళ్ళకీ, అద్దెకి దిగినవాళ్ళకీ చలికాలం మొదట్లో ఎదురయ్యే బాధ ఇది. మన ఊళ్ళల్లో కిటికీ అంటే గడియ తీసి రెక్క నెట్టడమే కాబట్టి, ఈ కిటికీ లోపల ఒక చిన్న యంత్రం ఉందని చాలామందికి తట్టదు. బలమంతా పెట్టి హ్యాండిల్ తిప్పేస్తారు. అక్కడే గేర్ పళ్ళు పోతాయి.

చెయ్యి తిరిగిన మనిషికి ఒక కిటికీ గంట పని. మొదటిసారైతే ఒక పూట పెట్టుకోండి. సామాను కొనే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవడం మాత్రం తప్పనిసరి. హ్యాండిల్ అరిగిపోతే గేర్ కొనేవాళ్ళు, ఇల్లు ఒరిగితే హ్యాండిల్ కొనేవాళ్ళు ఎక్కువ.

మీ కిటికీ ఏ రకం

ఈ ఇళ్ళల్లో రెండు రకాలు ఎక్కువ. మొదటిది ఆనింగ్ కిటికీ. రెండు మూడు వెడల్పాటి రెక్కలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ప్రతి రెక్కా పైఅంచున వేలాడుతూ, కిందిభాగం బయటికి తెరుచుకుంటుంది. ఒక్క హ్యాండిల్‌తో అన్నీ కదులుతాయి. రెండోది జాలసీ కిటికీ. మన ఇళ్ళల్లో బాత్రూమ్ వెంటిలేటర్‌కి వరసగా గాజు పలకలు ఉంటాయే, అదే తరహా. ఇక్కడ పెద్ద కొలతలో, పలకలన్నీ ఒక్క హ్యాండిల్‌కే తిరిగేలా ఉంటుంది. గాజు చుట్టూ అల్యూమినియం ఫ్రేమ్ ఉంటే ఆనింగ్ అనీ, గాజు పలక రెండు కొనలూ మాత్రమే క్లిప్పుల్లో ఉండి అంచులు ఖాళీగా ఉంటే జాలసీ అనీ గుర్తుపట్టండి.

లోపల ఏం జరుగుతుంది

హ్యాండిల్ ఒక సన్నని ఇరుసుకి బిగించి ఉంటుంది. ఆ ఇరుసు మీద పొడవునా సన్నని పళ్ళుంటాయి. ఇరుసు రెండో కొన ఆపరేటర్ అనే చిన్న గేర్ డబ్బాలోకి వెళ్తుంది. అందులో ఉండేది వర్మ్ గేర్: మర లాంటి కడ్డీ తిరిగితే, దాన్ని ఆనుకున్న పళ్ళచక్రం నెమ్మదిగా తిరుగుతుంది. చక్రం వైపు నుంచి నెడితే మర వెనక్కి తిరగదు. గాలి గట్టిగా వీచినా రెక్క తెరిచినచోటే నిలిచేది అందుకే.

ఆపరేటర్ నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి పక్క ఫ్రేమ్ వెంట ఉండే లింకు పట్టీని పైకీ కిందికీ కదుపుతుంది. వెడల్పు కిటికీల్లో టార్క్ బార్ అనే కడ్డీ అడ్డంగా వెళ్ళి ఇదే కదలికని అవతలి వైపు లింకుకి కూడా అందిస్తుంది. హ్యాండిల్, ఇరుసు, గేర్, చెయ్యి, టార్క్ బార్, లింకు, రెక్క. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడిందో వెతకడమే అసలు పని.

లోపం పట్టుకోవడం

ముందు లోపలివైపు దోమతెర తీసేయండి. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి తెర లోపలే ఉంటుంది. తెరని పట్టి ఉంచే చిన్న బిళ్ళలు తిప్పితే వచ్చేస్తుంది. తర్వాత టార్చిలైటు పట్టుకుని ఈ వరసలో చూడండి.

హ్యాండిల్ మీంచి ఇరుసు మీదికి మార్కర్‌తో ఒకే గీత గీయండి. పావు చుట్టు తిప్పండి. గీత రెండు ముక్కలై విడిపోతే హ్యాండిల్ జారుతోందన్నమాట. గేర్ బాగానే ఉండి ఉండొచ్చు.

గీత కలిసే తిరిగింది, ఆపరేటర్ చెయ్యి మాత్రం కదల్లేదు. లేదా కొంతదూరం వెళ్ళి టక్కుమని జారి మళ్ళీ మొదటికొచ్చింది. గేర్ పళ్ళు పోయాయి.

చెయ్యి కదులుతోంది, రెక్క ఒకవైపే కదులుతోంది. కదలని వైపు లింకు దగ్గర క్లిప్పో రివెట్టో ఊడింది, లేదా టార్క్ బార్ కొన దాని గుంటలోంచి జారింది. కిటికీ గట్టు మీద వెతికితే ఊడిన ముక్క చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దాన్ని పారేయకండి, కొత్తది కొనడానికి అదే నమూనా.

అన్నీ కదులుతున్నాయి, కానీ బిగుతుగా. అప్పుడు అనుమానించాల్సినవి మూడు: రబ్బరు పట్టీ అంటుకుపోవడం, కీళ్ళలో తెల్లటి అల్యూమినియం పొడి పేరుకోవడం, ఫ్రేమ్ ఒరగడం. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మొబైల్ హోమ్ కింద సాధారణంగా పునాది గోడ కాకుండా దిమ్మెల వరస ఉంటుంది. నేల కుంగితే దిమ్మెలు దిగుతాయి, ఇల్లు మెలితిరుగుతుంది, కిటికీ చట్రం మూలమట్టం తప్పుతుంది. టేపుతో చట్రాన్ని ఐమూలగా రెండు వైపులా కొలవండి. తేడా పావు అంగుళం దాటితే, అదే వైపు ఇంకో కిటికీయో తలుపో కూడా పట్టేస్తుంటే, ముందు ఇంటి మట్టం సరిచేయించండి. మట్టం చూసి దిమ్మెలు సర్దే పని మీరే జాకీ పెట్టి చేయకండి, ఇంటి బరువుతో వ్యవహారం. ఒరిగిన చట్రంలో కొత్త గేర్ పెడితే అదీ త్వరలోనే అరుగుతుంది.

హ్యాండిల్ మార్చడం

హ్యాండిల్ మొదట్లో చిన్న బిగింపు స్క్రూ ఉంటుంది. కొన్నిటికి మామూలు స్క్రూడ్రైవర్, కొన్నిటికి అలెన్ కీ పడుతుంది. దాన్ని రెండు చుట్లు వదులు చేసి హ్యాండిల్‌ని తిన్నగా మీవైపు లాగండి. పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. సుత్తితో పక్కనుంచి కొడితే ఇరుసు వంగుతుంది, ఆపరేటర్ కూడా పోతుంది.

ఇప్పుడు ఇరుసు వ్యాసం కొలవండి. ఎక్కువగా కనిపించేవి 5/16, 11/32, 3/8 అంగుళాలు; మిల్లీమీటర్లలో సుమారు 7.9, 8.7, 9.5. మొదటిదానికీ చివరిదానికీ తేడా 1.6 మిల్లీమీటర్లే కాబట్టి టేపుతో తేలదు, కాలిపర్ (వస్తువుని రెండు దవడల మధ్య పట్టి మందం కొలిచే సాధనం) కావాలి. ఇరుసు కంటే పెద్ద బెజ్జం ఉన్న హ్యాండిల్ సులభంగా ఎక్కేస్తుంది, సరిపోయిందనిపిస్తుంది. నెల తిరక్కుండా ఇరుసు పళ్ళని గొరిగేస్తుంది. ఇరుసు పొడవు కూడా చూసుకోండి. హ్యాండిల్ తిరిగేటప్పుడు దోమతెర ఫ్రేమ్‌కి తగలకూడదు. చోటు ఇరుకైతే పొడవు హ్యాండిల్ బదులు T ఆకారం పిడి తీసుకోండి.

ఇరుసు పళ్ళు కొంచెమే అరిగి ఉంటే, బిగింపు స్క్రూ ఆనేచోట సన్నని ఆకురాయితో ఇరుసు మీద చిన్న చదును తీయండి. స్క్రూ కొన ఆ చదును మీద కూర్చుని జారకుండా పడుతుంది. పళ్ళు పూర్తిగా పోతే ఆపరేటర్ మార్చాల్సిందే. కటింగ్ ప్లయర్‌తో ఇరుసుని పట్టి తిప్పడం ఒక్క పూట అవసరానికి సరే. రోజూ చేస్తే మిగిలిన పళ్ళు కూడా నలిగి, కొత్త హ్యాండిల్ కూడా ఎక్కదు.

ఆపరేటర్ మార్చడం

పాత ఆపరేటర్ విప్పి చూస్తే నల్లటి గ్రీజులో బూడిదరంగు లోహపు పొడి కలిసి పేస్టులా కనిపిస్తుంది. చక్రానికి ఒక చివర పళ్ళు కొత్తవాటిలాగే ఉంటాయి, రెండో చివర మాత్రం కత్తి అంచుల్లా పలచబడి ఉంటాయి. ఆ పలచబడిన చివరే కిటికీ పూర్తిగా మూసుకున్నప్పుడు పనిచేసే చోటు. మూసుకున్నాక కూడా "ఇంకొంచెం" అని బిగించిన ప్రతిసారీ బరువంతా ఆ రెండు మూడు పళ్ళ మీదే పడుతుంది. ఈ చక్రాలు చాలావాటిలో పోతపోసిన జింకు లోహం. ఉక్కంత బలం ఉండదు. డబ్బా రివెట్లతో మూసి ఉంటుంది కాబట్టి లోపలి చక్రం ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం మార్చాలి.

కావలసినవి: సరిగ్గా పట్టే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, డ్రిల్, 1/8 అంగుళం బిట్, చిన్న సుత్తి, పంచ్, తుప్పు నూనె, ఇరుకుమూతి ప్లయర్, మార్కర్, మాస్కింగ్ టేపు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు. స్క్రూలు పాతవే మళ్ళీ వాడకండి. అల్యూమినియంలో మామూలు ఇనుప స్క్రూ తడికి తుప్పుపట్టి, దాని చుట్టూ అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. పాతదాని మందం, పొడవు చూసి అదే కొలతలో స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు తెచ్చుకోండి.

1. కిటికీని వీలైనంత మూయండి. గేర్ పోయి మూసుకోకపోతే బయటినుంచి ఒకరు రెక్కల్ని నెట్టి పట్టుకోవాలి, లేదా బయటివైపు వెడల్పు టేపు అడ్డంగా వేసి ఆపాలి. ఆపరేటర్ విప్పిన క్షణంలో రెక్కల్ని ఆపేది ఏదీ ఉండదు. రెక్క తన బరువుకి కిందికి పడి మూసుకుంటుంది, మధ్యలో వేళ్ళుంటే నలుగుతాయి.

2. ఫోనుతో మూడు ఫోటోలు తీయండి: ఆపరేటర్ ఎదురుగా, లింకు కలిసే చోటు, టార్క్ బార్ కూర్చున్న చోటు. తిరిగి బిగించేటప్పుడు ఇవే దిక్కు.

3. హ్యాండిల్ తీయండి. స్క్రూల తలల మీద తుప్పు నూనె వేసి ఇరవై నిమిషాలు ఆగండి. స్క్రూడ్రైవర్‌ని లోపలికి గట్టిగా నొక్కుతూ నెమ్మదిగా తిప్పండి. నొక్కకుండా తిప్పితే స్క్రూ గాడి చెడుతుంది. స్క్రూలకు బదులు రివెట్లుంటే, తల నడుమ డ్రిల్ పెట్టి తల రాలేదాకా మాత్రమే వేయండి, మిగిలిన కాడని పంచ్‌తో వెనక్కి నెట్టండి. చట్రంలో బెజ్జం పెద్దది చేయకండి. రాలిన పొట్టుని వెంటనే వాక్యూమ్‌తో తీయండి, లేకపోతే రబ్బరు పట్టీలోకి గుచ్చుకుంటుంది.

4. ఆపరేటర్ చెయ్యి లింకుతో కలిసేచోట క్లిప్పు గానీ, పిన్ను గానీ, మెడ ఉన్న స్క్రూ గానీ ఉంటుంది. ఇరుకుమూతి ప్లయర్‌తో తీయండి. నైలాన్ వాషర్ ఉంటే జాగ్రత్తగా దాచండి, అది చాలా సులభంగా పోతుంది.

5. టార్క్ బార్ ఉంటే, లాగే ముందు బార్ పైముఖం మీదా, దాని గుంట అంచు మీదా కలిపి ఒక గీత గీయండి. ఈ ఒక్క అడుగు మరిచిపోతే పనంతా రెండోసారి చేయాలి. బార్ ఆరుపలకలదైతే ఒక్క పలక పక్కకి కూర్చున్నా 60 డిగ్రీల తేడా వస్తుంది. అప్పుడు ఒకవైపు మూసుకునేసరికి రెండోవైపు తెరిచే ఉంటుంది.

6. పాతదాన్ని బల్ల మీద పెట్టి కొలవండి: స్క్రూ బెజ్జాల నడుమ దూరం మధ్య నుంచి మధ్యకి, చెయ్యి పొడవు, చెయ్యి ఎటు వంగి ఉందో, ఇరుసు వ్యాసం, పొడవు, టార్క్ బార్ గుంట ఆకారం గుండ్రమా, చదరమా, ఆరుపలకలా. కుడి, ఎడమ వేరువేరు వస్తువులు. ఇంటి లోపల నిలబడి కిటికీ వైపు చూస్తున్నప్పుడు ఆపరేటర్ ఏ పక్కనుంటే అది రాసుకోండి, అమ్మేవారు ఎటునుంచి చూసి చెబుతున్నారో కూడా అడగండి. పాతదాని పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో పంపితే పొరపాటు దాదాపు జరగదు. డబ్బా మీద పోతలో వచ్చిన అక్షరాలో అంకెలో ఉంటే వాటిని కూడా పంపండి.

7. కొత్తదాన్ని బిగించే ముందు చేతిలోనే తిప్పి, పూర్తిగా మూసిన స్థితికి తెచ్చుకోండి. కిటికీ కూడా మూసి ఉండాలి. రెండూ ఒకే స్థితిలో కలవకపోతే కిటికీ చివరిదాకా మూసుకోదు.

8. టార్క్ బార్ని గీతకి గీత కలిపి పెట్టండి, లింకు తగిలించండి, స్క్రూలు సగమే బిగించండి. హ్యాండిల్ పెట్టి అర చుట్టు తెరవండి, మూయండి. ఎక్కడా రాపిడి లేదనుకున్నాక స్క్రూలు పూర్తిగా బిగించండి. మెత్తటి అల్యూమినియంలో డ్రిల్‌తో బిగిస్తే మర చిరిగిపోతుంది, చేత్తోనే బిగించండి.

పాత బెజ్జం మర చిరిగి స్క్రూ పట్టకపోతే, ఒక నంబరు పెద్ద స్క్రూ వేయండి. అదీ పట్టకపోతే రివెట్ వేయడమే మంచిది.

మూసుకోవడం సరిగ్గా ఉందా అని కాగితంతో పరీక్షించండి. రెక్క, చట్రం నడుమ కాగితం ముక్క పెట్టి మూసి, మెల్లగా లాగండి. నాలుగు అంచుల్లోనూ కాగితం కొంచెం పట్టుకుంటూ రావాలి. ఒక మూల ఊరికే వచ్చేస్తే ఆ వైపు లింకు వంగిందో, కీలు అరిగిందో చూడండి.

లింకులు, కీళ్ళు

ఊడిన క్లిప్పుకి బదులు తీగ చుట్టి వదిలేసిన కిటికీలు చాలా కనిపిస్తాయి. తీగ ఊగుతుంది, ఊగుడుకి లింకు బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, ఆ తర్వాత సరైన క్లిప్పు పెట్టినా వదులే. క్లిప్పు దొరికేదాకా బెజ్జానికి సరిపడే చిన్న బోల్టు వేసి, నైలాన్ పట్టు ఉన్న నట్టుతో బిగించి, పావు చుట్టు వదులు చేయండి. లింకు తిరగాలి, ఊగకూడదు.

కీళ్ళలో తెల్లటి పొడి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్ళు వేసి తోమి, ఆరాక సిలికోన్ స్ప్రే కొట్టండి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే పట్టేసినదాన్ని వదిలించడానికి బాగుంటుంది గానీ కీలుకి నిలిచే కందెన కాదు. కొన్ని వారాల్లో పోతుంది. గ్రీజు బయటి కీళ్ళకి పూయకండి, దుమ్ము పట్టి ఇసుక కాగితంలా అరగదీస్తుంది. తెల్ల లిథియం గ్రీజు గేర్ డబ్బా లోపలికి మాత్రమే, బఠాణీ గింజంత.

రబ్బరు పట్టీ

రెక్క చుట్టూ ఉండే పట్టీ గట్టిపడి విరిగితే చలిగాలి వస్తుంది, మెత్తబడి అంటుకుంటే గేర్ పోతుంది. పాత పట్టీ ముక్క అంగుళం కోసి, దాని అడ్డకోత ఆకారం చూసి అలాంటిదే తెచ్చుకోండి. గాడిలో దూరే కాడ మందం ముఖ్యం. గాడిని సన్నని స్క్రూడ్రైవర్‌తో గీకి, సబ్బునీళ్ళు రాసి, కొత్తది నొక్కుతూ పోండి. సాగదీసి పెట్టకండి. సాగిన పట్టీ కొన్నాళ్ళకి వెనక్కి కుంచించుకుని మూలల దగ్గర సందు వదులుతుంది. ఒక్కో వైపుకి పావు అంగుళం ఎక్కువే కోసి, నొక్కి సర్దండి.

గడ్డకట్టే చలిలో రెక్క మంచుతో అంటుకుంటే హ్యాండిల్ ముట్టుకోకండి. హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో అంచుల వెంట కదుపుతూ పట్టండి. వేడినీళ్ళు పోస్తే గాజు పగలొచ్చు. తెరిచాక అంచులు తుడిచి పట్టీకి సిలికోన్ రాయండి.

జాలసీ పలక మార్చడం

పలకలు చాలావాటిలో 4 అంగుళాల వెడల్పు, 7/32 అంగుళం మందం ఉంటాయి. అయినా పక్క పలకని కొలిచాకే గాజు కోయించండి. పొడవాటి అంచులు చేతికి తెగకుండా నునుపు చేయించమని అడగండి, ఎందుకంటే అవి బయటికి తేలి ఉంటాయి. కిటికీని తెరిచి పలకలు అడ్డంగా ఉండేలా పెట్టుకోండి. క్లిప్పు చివర చిన్న నాలుక ఉంటుంది, అదే గాజుని జారకుండా ఆపుతుంది. చదును స్క్రూడ్రైవర్‌తో దాన్ని గాజు జారేంత మేరకే ఎత్తండి. పాత అల్యూమినియం రెండు మూడుసార్లు వంచితే విరిగిపోతుంది, కాబట్టి ఒకసారి ఎత్తి ఒకసారే వంచి ముగించాలి. పగిలిన గాజైతే ముందు రెండు వైపులా టేపు అతికించి, అప్పుడు లాగండి.

జాలసీని ఎంత సరిచేసినా పలకల నడుమ గాలి చొరబడుతుంది. దాని నిర్మాణమే అంత. చలికాలానికి లోపలివైపు స్టార్మ్ ప్యానెల్ (గాలి ఆపడానికి కిటికీకి అదనంగా బిగించే పారదర్శక పలక) పెట్టుకోవడమే దారి.

పడకగది కిటికీ విషయంలో

1976 జూన్ 15న అమెరికాలో ఈ ఇళ్ళకి ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ అయిన హెచ్‌యూడీ ప్రమాణాలు అమల్లోకొచ్చాయి. ఆ తర్వాత కట్టిన ఇళ్ళల్లో, నేరుగా బయటికి తలుపులేని పడకగదికి మంటలప్పుడు బయటపడే కిటికీ ఉండాలి. కొన్నిటికి ఎర్ర మీటలుంటాయి. అవి తిప్పితే చట్రం మొత్తం తెరుచుకుంటుంది. గేర్ పోయిందని అలాంటి కిటికీని స్క్రూలు వేసి మూసేయకండి, సిలికోన్‌తో అతికించకండి, మీటల మీద రంగు వేయకండి. బాగుచేశాక ఆ మీటల్ని కూడా ఒకసారి తిప్పి, ఇంట్లో పిల్లల చేత కూడా తిప్పించి చూడండి. మీ ఇల్లు ఎప్పటిదో తెలియాలంటే డేటా ప్లేట్ (ఇల్లు కట్టిన వివరాలు రాసి ఉండే చీటీ) చూడండి. వంటింటి అల్మరా తలుపు లోపల, కరెంటు ప్యానెల్ దగ్గర, పడకగది క్లోజెట్‌లో, ఈ మూడింటిలో ఒకచోట సాధారణంగా అతికించి ఉంటుంది. 1978కి ముందు ఇల్లయితే పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకకండి.

హ్యాండిల్ వాడకం

కొత్త గేర్ పెట్టాక ఇంట్లో అందరికీ ఇది చూపించండి: రెక్క పట్టీకి తగిలినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడినుంచి పావు చుట్టు, అంతే. అప్పటికీ గాలి వస్తుంటే లోపం పట్టీలోనో లింకులోనో ఉంది, హ్యాండిల్‌ని ఇంకా బిగిస్తే అది పోదు. ఏడాదికి రెండుసార్లు, చలికి ముందూ ఎండలకి ముందూ, కీళ్ళు తోమి సిలికోన్ కొట్టండి.

పాత ఆపరేటర్‌ని పారేయకుండా ఒక సంచిలో వేసి, దాని మీద ఏ గది, ఏ వైపు, కొలతలు, కొన్న తేదీ రాసి పెట్టండి. ఆ ఇంట్లో మిగతా కిటికీలకి కూడా చాలావరకు అదే రకం ఆపరేటర్ ఉంటుంది.